మన సినిమా స్క్రిప్టులు కూడా నెట్‌లో పెట్టండి

ఎడిటర్ గారికి నమస్కారం,

సినిమా పేజీలో రివ్యూలు, కలెక్షన్లు రోజూ వేస్తున్నారు కదా, ఈ విషయం కూడా ఒకసారి రాస్తే బావుంటుందని ఈ ఉత్తరం. హాలీవుడ్‌లో ఆస్కార్ సీజన్ వచ్చిందంటే పెద్ద పెద్ద స్టూడియోలే ఆ ఏడాది సినిమాల స్క్రీన్‌ప్లేలు అవార్డులకి ఓటేసేవాళ్ల కోసం పీడీఎఫ్‌లుగా వెబ్‌సైట్లలో పెట్టేస్తాయి, రూపాయి కట్టక్కర్లేదు, గుంటూరులో కూర్చుని ఫోన్లో దించుకుని చదువుకోవచ్చు. మా బ్రాడీపేటలో షార్ట్ ఫిల్మ్‌లు తీసే కుర్రాళ్లు అవి చదివే నేర్చుకుంటున్నారు. పేజీకి సుమారు ఒక నిమిషం సినిమా అనే లెక్క, లోపలా బయటా, పగలా రాత్రా అన్నది సీన్ మొదట్లో ఒక్క లైన్లో తేల్చెయ్యడం, మనిషి మనసులో ఏముందో రాయకుండా వాడు చేసే పని మాత్రమే రాయడం, ఇవన్నీ స్క్రిప్ట్ చేతిలో ఉంటేనే తెలుస్తాయి.

కానీ వీళ్లు రాసుకునేది తెలుగు కథ. పేజీని నిలువుగా రెండు చేసి ఎడమపక్క యాక్షన్, కుడిపక్క డైలాగ్ రాసే పద్ధతి మన దగ్గర ఉంది, అలాంటి అసలు పేజీ ఒక్కటి కూడా ఈ పిల్లలు కళ్లతో చూడలేదు. పాట వచ్చే చోట ఎంత రాసి వదిలేస్తారు, ఫైట్ ఎలా రాస్తారు, ఇంటర్వెల్ బ్యాంగ్‌కి కథని ఎక్కణ్ణుంచి లాక్కొస్తారు, ఇవి ఇంగ్లిష్ స్క్రిప్టుల్లో ఎక్కడ దొరుకుతాయండీ. ఎవరో సినిమా చూస్తూ టైప్ చేసిన డైలాగులు దొరికినా అది స్క్రిప్ట్ కాదు, ఎడిటింగ్‌లో పోయిన సీన్లు అందులో ఉండవు, నేర్చుకోవాల్సింది చాలావరకు అక్కడే ఉంటుంది.

కథ కాపీ కొడతారని నిర్మాతల భయం. రిలీజ్‌కి ముందైతే అది న్యాయమే, థియేటర్లో ఆడేసి ఓటీటీలోకి కూడా వచ్చేశాక ఇంక దాచేదేముంది? నెట్‌లో ఊరికే చదవనిచ్చినంత మాత్రాన కాపీరైట్ ఎక్కడికీ పోదు, 1957 చట్టం ప్రకారం హక్కు ఎవరిదో వాళ్లదే, రీమేక్ కావాలన్నవాడు వాళ్ల దగ్గరికే రావాలి. ఒకప్పుడు సినిమా కథనే నవలగా రాసి వెండితెర నవలలని అచ్చేసి అమ్మినవాళ్లం, థియేటర్ దగ్గర పాటల పుస్తకాలు కొనుక్కున్నవాళ్లం, ఇప్పుడైతే కాగితం ఖర్చు కూడా లేదు.

నీట్‌గా టైప్ చేయించి పెట్టమని కూడా అడగట్లేదు. సెట్‌లో వాడిన కాపీనే, కొట్టివేతలతో, మార్జిన్‌లో రాసుకున్న మార్పులతో సహా స్కాన్ చేసి పెట్టినా చాలు, ఏ డైలాగ్ కొట్టేసి ఏది రాశారో చూస్తేనే సగం పాఠం. మీ రిపోర్టర్లు డైరెక్టర్లనీ రచయితలనీ ఇంటర్వ్యూ చేసేటప్పుడు "మీ స్క్రిప్ట్ ఎప్పుడు పెడుతున్నారు సార్?" అని తప్పకుండా అడగమని నా మనవి.

- ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు