సరంబీ వేసిన ఇల్లు

చిత్తూరు,
ఆదివారం మధ్యాహ్నం

నాయనా,

నీకు, కోడలికి, పాపకు మన ప్రభువైన యేసుక్రీస్తు నామంలో అమ్మా నాయనల దీవెనలు. మేమిద్దరం బాగున్నాం. మీ నాయనకు మోకాలి నొప్పి కొంచెం తగ్గింది. తోతాపురి కాయలు కోసేశాం. ఈసారి రేటు బాగాలేదు, ఆ సంగతి ఫోన్లో చెప్పాను కదా.

ఫోన్లో చెప్పలేని మాట ఒకటి మిగిలిపోయింది. ఫోన్లో అయితే నువ్వు "సరేమ్మా, సరేమ్మా" అంటావు, నాకు ఏడుపొస్తుంది, అసలు మాట నోటిదాకా రాదు. అందుకే కాగితం తీసుకున్నాను.

పోయిన నెల మీ ఇంట్లో వారం రోజులున్నాను కదా. మొదటి రాత్రి నిద్ర పట్టక పైకి చూస్తూ పడుకున్నా. ఆ ఫాల్స్ సీలింగ్, అంచుల వెంట కనపడకుండా పెట్టిన లైట్లు, పాప గదిలో అయితే చుక్కల్లాగా చిన్న చిన్న నీలం దీపాలు. వానొస్తే మన పాత రేకుల ఇంట్లో ఏ మూల ఏ గిన్నె పెట్టాలో నీకు అయిదేళ్లకే తెలుసు. ఆ బిడ్డ ఇలాంటి ఇల్లు కట్టుకున్నాడే అని దిండులో ముఖం పెట్టి దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను. ఇది చదివి అమ్మకు నా ఇల్లు నచ్చలేదని మాత్రం అనుకోవద్దు.

రెండో రోజు రాత్రి అందరం అన్నానికి కూర్చున్నాం. నేను కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటుంటే పాప నా మోచెయ్యి పట్టుకుని ఊపింది. "అవ్వా, నిద్దరొస్తోందా?" అంది. కోడలు నవ్వింది. నేనూ నవ్వాను. కానీ ఆ పూట నాకు ముద్ద దిగలేదు నాయనా. అన్నం ముందు ఎవరైనా కళ్లు మూసుకోవడం ఆ బిడ్డ అంతకు ముందు చూడలేదు.

పొద్దున బైబిల్ అడిగితే కోడలు పాపం స్టూలేసుకుని అటక మీది నుంచి అట్టపెట్టె దింపింది. ఇల్లు మారేటప్పుడు వేసిన టేపు అట్లే ఉంది. మీరు ఆ ఇంట్లో చేరి అప్పటికి ఏడు నెలలు. ఆదివారం నువ్వు లాప్‌టాప్ ముందు కూర్చున్నావు. చర్చికి పోదామా అని అడిగితే, "ఇప్పుడు టైం కాదమ్మా, ముందు లోన్ కొంచెం తగ్గనీ, సెటిల్ అయ్యాక అన్నీ చేద్దాం" అన్నావు. నువ్వు విసుక్కోలేదు, మెల్లగానే చెప్పావు. అయినా బస్సు మొగిలి ఘాట్ దిగుతున్నంతసేపూ నాకు అదే మాట చెవిలో పడుతూనే ఉంది.

ఇంటికొచ్చాక నేను బైబిల్లో రోజూ చదువుకునే వరుసలో హగ్గయి ప్రవక్త గ్రంథం వచ్చింది. రెండే అధ్యాయాలు. అందులో "సరంబీ వేసిన ఇండ్లు" అని ఉంది. ఇన్నేళ్లుగా చదువుతున్నా ఆ మాట ఏమిటో పట్టించుకోలేదు. ఈసారి పాస్టరయ్యను అడిగాను. ఇంటి లోపల అందంగా చెక్కలు పరిచి కప్పు వేయడం అన్నారు. నాకు వెంటనే మీ ఇంటి సీలింగ్ కళ్ల ముందుకు వచ్చింది.

హగ్గయి ఆ మాట అన్నది యెరూషలేము జనంతో. వాళ్లు చెడ్డవాళ్లు కాదు. బబులోను చెరలో నుంచి తిరిగొచ్చిన వాళ్లు, దేవుడి మందిరానికి పునాది కూడా వేశారు. చుట్టుపక్కల వాళ్లు అడ్డుపడితే పని ఆగింది. ఆగిన పని అట్లే ఆగిపోయి సుమారు 16 ఏళ్లు గడిచిపోయాయి. ఈలోపల ఎవరి ఇళ్లు వాళ్లు బాగు చేసుకున్నారు. దేవుడొద్దు అని ఎవరూ అనలేదు. "సమయమింక రాలేదు" అన్నారు, అంతే. అక్కడే నా వేలు ఆగిపోయింది. క్రీస్తుకు పూర్వం 520లో యెరూషలేములో అన్న మాట, బెంగళూరులో మీ హాల్లో నా కొడుకు నోట విన్నాను. సంపాదించిన జీతం చినిగిన సంచిలో వేసినట్టు ఉందని కూడా ఆ ప్రవక్త అంటాడు. ఇద్దరి జీతాలు వస్తున్నా ఇరవయ్యో తేదీకి ఏమీ మిగలడం లేదని నువ్వే కదా అన్నావు.

నిన్ను తప్పుపట్టే అర్హత నాకుందని రాయడం లేదు. నేనూ అదే పని చేశాను, నీకు తెలియదు. మన ఇంటికి స్లాబు వేసిన రెండేళ్లు నేను ఆదివారాలు ఆరాధన మానేసి మిషను కుట్టాను. పెళ్లిళ్ల సీజన్లో జాకెట్లకు నాలుగు రూపాయలు ఎక్కువొచ్చేవి. ఇల్లు అయిపోయాక మళ్లీ పోదాంలే అనుకున్నా. నిన్ను మీ అవ్వ చెయ్యి పట్టుకుని సండే స్కూలుకు తీసుకుపోయేది. ఆ ఏడాది క్రిస్మస్‌కు నువ్వు స్టేజీ మీద 23వ కీర్తన ఒక్క మాట తప్పకుండా చెప్పావట. ఆ టైముకు నేను ఇంట్లో ఎవరి జాకెట్‌కో హుక్కులు కుడుతున్నా. నువ్వు పరిగెత్తుకుంటూ వచ్చి, ప్రైజుగా ఇచ్చిన స్టీలు గ్లాసు నా ఒళ్లో పెట్టావు. స్లాబు పడింది, ఇప్పటికీ గట్టిగానే ఉంది. నువ్వు ఆ కీర్తన చెప్పడం మాత్రం నేను వినలేదు. పాప కూడా ఏదో ఒక రోజు ఏదో ఒకటి నేర్చుకుని వచ్చి చెప్తుంది. అది నువ్వు పోగొట్టుకోకూడదని నా ఆశ.

అవ్వ మాట వచ్చింది కాబట్టి చెప్తాను. ఆమె పొయ్యి మీద ఎసరు పెట్టాక బియ్యం కొలిచేది. కడగడానికి ముందే అందులోంచి పిడికెడు తీసి పాలపొడి డబ్బాలో వేసేది. ఆదివారం ఆ డబ్బా బియ్యం గుడికి పోయేది. కరువు ఏడాది ఇంట్లో రాగి సంగటే తప్ప అన్నం లేని రోజుల్లో పిడికెడు రాగి పిండి వేసేది. "తిన్నాక మిగిలితే వేద్దాం అత్తా" అన్నానొకసారి. "మిగిలింది కోళ్లకు వేస్తాం మే, దేవుడికి కాదు" అంది. బైబిల్లో కరువు రోజుల్లో సారెపతు ఊరి విధవరాలి దగ్గర ఉన్నది కూడా పిడికెడు పిండే. ఏలీయా ప్రవక్త ఆమెతో మొదట నాకొక చిన్న అప్పం చెయ్యి, తర్వాత నీకూ నీ కొడుక్కీ చేసుకో అన్నాడు. ఆమె ఇంటి పిండినంతా ఇమ్మని అడగలేదు. మొదట ఇమ్మన్నాడు.

ఇలా ఇస్తే దేవుడు నీ జీతం రెట్టింపు చేస్తాడు, లోన్ తీరిపోతుంది అని కొందరు టీవీలో చెప్తుంటారు. నేను అలా చెప్పను, నాకు ఆ బోధ ఇష్టం లేదు. మత్తయి సువార్త ఆరో అధ్యాయంలో "ఆయన రాజ్యమును నీతిని మొదట వెదకుడి, అప్పుడవన్నియు మీకనుగ్రహింపబడును" అన్నచోట "అవన్నియు" అంటే ఏమిటో పైన చదివితే తెలుస్తుంది. తిండి, నీళ్లు, బట్ట. ఫ్లాట్లు, కార్లు లేవు అక్కడ. అవ్వ జీవితమంతా పిడికెడు తీసి పెట్టింది, పూరి గుడిసెలోనే పోయింది. ఆమె టెన్షన్ పడి నిద్ర లేకుండా ఉండటం నేను ఒక్క రాత్రి కూడా చూడలేదు.

మీ నాయనకు వేలూరు సీఎంసీ ఆస్పత్రిలో ఆపరేషన్ అయినప్పుడు ఆ వరండాలో నీకు ఒక కథ చెప్పాలనుకున్నా, నువ్వు హడావుడిలో ఉన్నావు. ఆ ఆస్పత్రి పెట్టిన ఐడా స్కడర్ 1870లో రాణిపేటలో మిషనరీల ఇంట్లో పుట్టింది. ఇక్కడి కరువూ రోగాలూ చూసి, నాకీ బతుకు వద్దు, అమెరికాలో హాయిగా ఉంటాననుకుంది. తల్లికి ఒంట్లో బాగాలేదని తిండివనం వచ్చినప్పుడు, ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, కాన్పు కష్టమైందని తమ భార్యల కోసం ఆమెను పిలిచారు. ఆమె నాన్న డాక్టరే, కానీ మగవాడు చూడకూడదన్నారు. ఈమెకు వైద్యం రాదు. తెల్లారేసరికి ముగ్గురు ఆడవాళ్లూ పోయారు. ఆ అమ్మాయి వెళ్లి డాక్టరు చదివొచ్చి, 1900లో వేలూరులో ఒక్క మంచంతో మొదలుపెట్టింది. ఉద్యోగం వదిలి నువ్వూ అలా పొమ్మని కాదు నాయనా. తాను కావాలనుకున్న సుఖం కంటే దేవుడు చూపించిన పనిని ఆమె ముందు పెట్టుకుంది. ఆ మంచం వల్లనే మీ నాయన ఈ రోజు నా పక్కన కూర్చుని కాఫీ తాగుతున్నాడు.

ఈఎంఐ కట్టు, అప్పు మాట తప్పకూడదు. ఉద్యోగం బాగా చెయ్యి. ఒకటో తేదీ జీతం పడగానే, ఈఎంఐ కోత పడకముందే దేవుడి భాగం పక్కన పెట్టు. ఎంతో నేను అడగను, అది నువ్వూ కోడలూ కూర్చుని ప్రార్థన చేసుకుని అనుకోండి. ఆదివారం డ్యూటీ తప్పని వారం ఉంటుంది, నాకు తెలుసు. ఆ వారం సాయంత్రం ఆరాధనకైనా పోండి. రాత్రి అన్నానికి కూర్చున్నప్పుడు ఫోను పక్కగదిలో పెట్టి, పాప చెయ్యి పట్టుకుని నువ్వే ప్రార్థన చెయ్యి. మాటలు రాకపోతే 23వ కీర్తన చెప్పు, నీకు ఇంకా వచ్చే ఉంటుంది.

హగ్గయి మాట విన్న జనం 23 రోజుల్లో పని మొదలుపెట్టారు. ఆలస్యం చేశారే అని దేవుడు వాళ్లను అప్పుడు కోప్పడలేదు. నేను మీకు తోడుగా ఉన్నాను అన్నాడు. ఆ మాట చదివాకే నీకు రాయడానికి నాకు ధైర్యం వచ్చింది.

పక్కింటి వాళ్ల అబ్బాయి బుధవారం బెంగళూరు వస్తున్నాడు. వాడితో ఊరిబిండి, ఒక సంచిలో మాగిన కాయలు పంపిస్తున్నా. అవ్వ పాలపొడి డబ్బా కూడా అందులో పెట్టాను. బియ్యం కడిగే ముందు పాప చేత వేయించు. దాని పిడికిట్లో ఎన్ని పడితే అన్ని చాలు. మూత బిగుసుకుపోతూ ఉంటుంది, స్పూను వెనకవైపుతో లేపితే వస్తుంది.

మీ అమ్మ