వార్షిక నివేదిక 2024–25: ఫోను ఎవరి దగ్గర ఉంది?

సభ్యులందరికీ నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు మన యూనిట్ల యజమానుల సంఘం చేసిన పనులను మీ ముందు ఉంచుతున్నాను. కార్యవర్గ సమావేశాలు, సభ్యత్వాల పునరుద్ధరణ ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చుల పట్టీని కోశాధికారి విడిగా అందజేస్తున్నారు. ఏడాది పొడవునా మన సమయమంతా ఒక్క పనికే సరిపోయింది. ఫోను ద్వారా పనివాళ్లను వెతుక్కోవడం, వచ్చినవాళ్లను నిలుపుకోవడం. అందుకే ఈసారి నివేదికలో ఎక్కువ భాగం దానికే కేటాయించాను.

మన సభ్యుల్లో కొబ్బరి పీచు యూనిట్లు నడిపేవారు, రైసు మిల్లుల వారు, నర్సరీల వారు, రొయ్యల షెడ్ల వారు ఉన్నారు. సరుకులు వేరైనా గోడు ఒక్కటే: సీజనులో మనుషులు దొరకరు. చదువుకున్న పిల్లలు హైదరాబాదు, బెంగళూరు వెళ్లిపోతున్నారు. ఆడవాళ్లలో చాలామంది గల్ఫ్ దారి పట్టారు. వెనకటికి మేస్త్రీ చెవిన ఒక మాట వేస్తే సాయంత్రానికి నాలుగు ఊళ్లకు పాకేది. ఇప్పుడు ఆ మేస్త్రీల పిల్లలు కూడా ఊళ్లో లేరు. ఉద్యోగాల యాప్‌లో ప్రకటనలు పెడదాం, వాట్సాప్‌లో కబుర్లు పంపుదాం అని ఏప్రిల్ సమావేశంలో తీర్మానించుకున్నది ఇందుకే.

మొదటి అడుగులోనే ఇబ్బంది ఎదురైంది. యాప్‌లో పని పేరు ఎంచుకోమంటుంది. ఆ జాబితాలో డెలివరీ ఉంది, డ్రైవింగ్ ఉంది, కాల్ సెంటర్ ఉంది. చెట్టెక్కి కొబ్బరి దింపు తీసేవారు, కాయ ఒలిచేవారు, అంటు కట్టేవారు మాత్రం లేరు. ‘సహాయకులు’ అనే గడిలో పెడితే దూరపు పట్టణాల నుంచి కుర్రవాళ్లు ఫోన్లు చేసి, ఏసీ ఉంటుందా అని అడిగారు. వాళ్ల తప్పేమీ లేదు. మన పనేమిటో ఆ ప్రకటన చెప్పలేకపోయింది. కడియం వైపు నర్సరీలున్న సభ్యుడొకరు ఒక ఉపాయం చేశారు. మామిడి అంటు కడుతున్న చేతులను దగ్గరగా అర నిమిషం వీడియో తీసి, ‘ఈ పని వచ్చినవాళ్లు కావాలి’ అని మాత్రం చెప్పి పంపారు. ఆ వీడియో చూసి వచ్చినవారంతా పని తెలిసినవారే.

రెండో ఇబ్బందిని గుర్తించడానికి చాలా కాలం పట్టింది. దాన్ని వివరంగా చెప్పాలి.

ఒక పీచు యూనిట్‌లో తాడు పేనే యంత్రం మీదికి ఒక మనిషి కావలసి వచ్చింది. అంతకుముందు రెండు సీజన్లు అక్కడే చేసిన ఒకామె నంబరు మన పనివాళ్ల నంబర్ల పుస్తకంలో ఉంది. కబురు పంపాం. చూసినట్టు నీలిరంగు టిక్కులు కూడా పడ్డాయి. జవాబు లేదు. ఇష్టం లేదేమో అనుకుని మరొకరిని పెట్టుకున్నారు. నాలుగో రోజు పొద్దున్నే ఆమె క్యారేజీ చేతిలో పట్టుకుని గేటు దగ్గర నిలబడింది. ఆ నంబరు ఆమె కొడుకుది. అతను హైదరాబాదులో ఉంటాడు. కబురు చూసి, సెలవు రోజున పక్కింటివారి ఫోనుకు చేసి తల్లికి చెప్పాడు. ఆ రోజు ఆమెకు పని లేదని చెప్పి పంపేశాం. ఆమె మారు మాట అనలేదు. క్యారేజీ విప్పకుండానే తిరిగి వెళ్లిపోయింది. నేను అక్కడే ఉన్నాను. పుస్తకంలో నంబర్లు లెక్కపెట్టుకుంటూ, ఇంతమంది మనకు అందుబాటులో ఉన్నారని ధీమాగా ఉన్నాం. ఆ ధీమాకు ఆధారం లేదని ఆ రోజు తెలిసింది.

తర్వాత నంబర్లన్నీ మళ్లీ మొదటి నుంచి చూశాం. ఆడవారి పేర్ల పక్కన ఉన్న నంబర్లలో భర్తవి, కొడుకువి, దుకాణం వారివి ఎన్నో. ఇప్పుడు పుస్తకంలో ప్రతి నంబరు పక్కన రెండు గడులు చేర్చాం. ఈ ఫోను ఎవరి దగ్గర ఉంటుంది? ఏ వేళకు చేస్తే ఆమెతో నేరుగా మాట్లాడవచ్చు? సొంత ఫోను లేనివారికి వాళ్ల వీధిలోనే ఒకరిని కబురు చెప్పడానికి ఒప్పించాం. యాప్ ఎంత మంచిదైనా ఈ రెండు గడులు నింపకుండా నియామకం మొదలుపెట్టవద్దని ప్రతి సభ్యుడినీ కోరుతున్నాను.

రాసిన సందేశాల కంటే గొంతు సందేశాలు బాగా పనిచేశాయి. అందులోనూ యజమాని గొంతు కంటే అక్కడే పనిచేసే ఆడమనిషి గొంతుకు విలువెక్కువ. రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి పంపిన ఒక సందేశంలో అక్కడ పనిచేసే ఒకామె రోజు కూలి ఎంతో చెప్పింది. ఎన్ని గంటలకు వదులుతారో, తిరిగి వెళ్లడానికి ఆటో ఉందో లేదో, మరుగుదొడ్డి ఎలా ఉందో చెప్పింది. కూలి బయటికి చెప్పడానికి కొందరు సభ్యులు అభ్యంతరం తెలిపారు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. కూలి దాచి పిలిచిన మనిషి మొదటి వారమే వెళ్లిపోతుంది, ఆటో ఖర్చు ఆమె నెత్తిన పడుతుంది. చెప్పి పిలవడమే న్యాయం.

వచ్చినవారిని నిలుపుకోవడం దగ్గరికి వస్తే, ‘అడిగిన దానికి మర్నాడు పని మొదలయ్యేలోగా జవాబు’ అనే నియమం పెట్టుకున్నాం. సెలవు, బయానా, ఓవర్‌టైం, ఏదైనా సరే. జవాబు ‘కుదరదు’ అయినా వెళ్లాలి. ఈ నియమాన్ని పాటించిన యూనిట్లలో పనివారి వాట్సాప్ గ్రూపు సజీవంగా ఉంది. ఉదయం శుభాకాంక్షల బొమ్మలు పంపి ఊరుకున్నచోట అడిగేవారే లేకుండా పోయారు.

భవిష్యనిధి (పీఎఫ్) విషయంలోనూ అదే చిక్కు ఎదురైంది. కేంద్ర ప్రభుత్వ ఉమంగ్ యాప్‌లో పీఎఫ్ పాస్‌బుక్ చూసుకోవడం నేర్పుదామని ఒక మిల్లులో కూర్చోబెట్టాం. 12 అంకెల యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి గుర్తింపు సంఖ్య) కొట్టగానే ఓటీపీ వెళ్లింది, ఎవరి ఫోనుకో. ఆ రోజు పాఠం ఆపేసి, మనుషులను ఆధార్ కేంద్రానికి తీసుకువెళ్లాం. ఆధార్‌లో నంబరు మార్చడానికి అప్పట్లో అయిన 50 రూపాయలు ఎవరికి వారు కట్టవలసిన పని లేకుండా సంఘమే భరించింది. తర్వాత పీఎఫ్ ఖాతాలోనూ నంబర్లు మార్పించాం. ఖాతాకు జతపడిన నంబరు నుంచి మిస్డ్ కాల్ ఇస్తే నిల్వ ఎంతో సందేశం వస్తుంది కాబట్టి, బటన్ల ఫోను ఉన్నవారికి కూడా ఇది ఉపయోగపడింది. తన పేరున జమ అయిన సొమ్మును మొదటిసారి చూసి ఒక హమాలీ పక్కవారికి ఫోను చూపిస్తూ మిల్లంతా తిరిగాడు. పీఎఫ్ వర్తించని దింపు, ఒలుపు కూలీలను అసంఘటిత కార్మికుల కేంద్ర ప్రభుత్వ జాబితా ఇ-శ్రమ్‌లో చేర్పించాం. ఆధార్‌కు ఫోను జతపడకపోయినా కామన్ సర్వీస్ సెంటర్‌లో వేలిముద్రతో అక్కడ నమోదు చేస్తారు.

జూలై ఆఖరు వరదల సంగతి. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75 దగ్గర రెండోది. కనకాయలంక వంటి నది మధ్య ఊళ్లకు కాజ్‌వే (ఏటి మీది పల్లపు దారి) మునిగితే పడవే దిక్కు. యూనిట్లలో వాడే హాజరు యాప్ మాత్రం మనిషి గేటు దాకా వస్తేనే హాజరు వేస్తుంది. రేవులో పడవ కోసం నిలబడిన లంక గ్రామాల వారికి మూడు రోజులు గైర్హాజరు పడింది. ఆ రోజులను సెలవుగా మార్పించడానికి సంఘం తరఫున ఒక్కొక్క యూనిట్‌తో మాట్లాడాం. ఒక్కచోట తప్ప అందరూ ఒప్పుకున్నారు. ఇకమీదట మొదటి హెచ్చరిక వెలువడగానే లంకల వారికి గొంతు సందేశం వెళ్లాలి, హెచ్చరిక ఎత్తేసేదాకా వారికి యాప్ హాజరు వర్తించకూడదు అని తీర్మానించాం.

రెండు జాగ్రత్తలు. చేరేవారి ఆధార్ ఫోటోలను గ్రూపుల్లో పెట్టడం కొన్నిచోట్ల ఇంకా జరుగుతోంది. దయచేసి ఆపండి. అవసరమైతే చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ తీసుకోండి. ఇక ఉద్యోగం ఇస్తామని ముందే డబ్బు అడిగే సందేశాలు మన గ్రూపుల్లోకి కూడా వచ్చాయి. ఒక కుటుంబం నష్టపోయింది. డబ్బు పంపి మోసపోయినవారు ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోను చేయాలి. గల్ఫ్ పని అంటే ఆ ఏజెంటు పేరు, విదేశీ పనులకు పంపే ఏజెంట్లను నమోదు చేసే కేంద్ర ప్రభుత్వ ఇ-మైగ్రేట్ పోర్టల్‌లో నమోదై ఉందో లేదో చూడాలి. చూడటం రాకపోతే కార్యాలయానికి రండి, చూసి చెబుతాం.

తాడు యంత్రం దగ్గర పని పోగొట్టుకున్న ఆమెకు సెప్టెంబరులో అదే యూనిట్‌లో పని దొరికింది. ఇప్పుడు ఆమెకు సొంత ఫోను ఉంది. ఆ వీధికి కబుర్లు చేరవేస్తున్నది కూడా ఆమే.

నంబర్ల పుస్తకం ఇంకా పూర్తి కాలేదు. నర్సరీలు, రైసు మిల్లుల పేజీలు అయ్యాయి. రొయ్యల షెడ్లవి సగం మిగిలాయి. సర్వసభ్య సమావేశానికి వచ్చేటప్పుడు ప్రతి సభ్యుడూ తన పనివారి జాబితాను ఆ రెండు గడులు నింపి తీసుకురావలసిందిగా కోరుతున్నాను.

కార్యదర్శి