వార్షిక నివేదిక: మన లైబ్రరీలో పుస్తకాలు సబ్జెక్టు వారీగా సర్దుకున్నాం

సభ్యులందరికీ నమస్కారం. మీటింగులు టైముకే జరిగాయి, లెక్కల ఆడిట్ అయిపోయింది, వాటి గురించి ఇక్కడ సాగదీయను. ఈ ఏడాది చెప్పుకోదగ్గ పని ఒకటే, లైబ్రరీ సర్దడం. ఇంతవరకూ పుస్తకం వచ్చిన వరసలో నంబరేసి ఖాళీ ఉన్న ర్యాకులో పెట్టేవాళ్ళం కదా, దాంతో ఎవరైనా వచ్చి ఖగోళశాస్త్రం మీద ఏమున్నాయండీ అంటే రిజిస్టర్ మొత్తం తిరగెయ్యాల్సి వచ్చేది.

అమెరికా లైబ్రేరియన్ మెల్విల్ డ్యూయీ 1876లో తెచ్చిన దశాంశ పద్ధతి, అంటే సబ్జెక్టుని బట్టి పుస్తకానికి నంబరేసే పద్ధతి, తీసుకున్నాం. మొత్తం జ్ఞానాన్ని 000 నుంచి 999 దాకా పది వర్గాలు చేశాడాయన, 500లు సైన్సు, 800లు సాహిత్యం, 900లు చరిత్ర, భూగోళం, అలా. మన దేశపు గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారి కోలన్ పద్ధతి (1933) పెడదామని కొందరు గట్టిగానే అడిగారు, ఆలోచనగా చూస్తే నా ఓటు కూడా దానికే, ఎందుకంటే అందులో సబ్జెక్టుని స్థలం, కాలం లాంటి అంశాలుగా విడగొట్టి నంబరు మనమే కట్టుకోవచ్చు, కొత్త విషయం ఏదొచ్చినా ఇమిడిపోతుంది. కాకపోతే డ్యూయీ నంబరు చాలా ఇంగ్లీషు పుస్తకాల్లో టైటిల్ పేజీ వెనకే అచ్చయి ఉంటుంది, పనిచేసేది వాలంటీర్లు, అందుకని అటే మొగ్గాం.

ఇక అసలు తంటా తెలుగు పుస్తకాల దగ్గర వచ్చింది. తెలుగు సాహిత్యానికి డ్యూయీలో 894.827, అంతవరకే రాస్తే మన లైబ్రరీలో సగానికి సగం ఒకటే నంబరు కిందకొస్తాయి, అందుకే ఇంకో అంకె తగిలించి కవిత్వం 894.8271, నాటకం 894.8272, కథలూ నవలలూ 894.8273 అని విడగొట్టాం, ఆ కింద రచయిత పేరులో మొదటి అక్షరాలు. మతం సంగతి చూస్తే ఒళ్ళు మండుతుంది, 220ల నుంచి 280ల దాకా క్రైస్తవానికే ఇచ్చేసి మిగతా మతాలన్నిటినీ 290ల్లో ఇరికించాడు, అందుకే రామాయణం 294.5922, భారతం 294.5923 అని ఇంత పొడుగు నంబర్లు, చిన్న పుస్తకమైతే లేబుల్ వెన్ను మీద పట్టట్లేదు!

చాలామంది అడిగిన ఇంకో మాట, జ్యోతిషం, ఖగోళం పక్కపక్కన ఎందుకు లేవని. జ్యోతిషం 133.5, ఖగోళం 520, డ్యూయీ వాటిని వేరే వర్గాల్లోనే పెట్టాడు, మేం కదపలేదు. రెండు సబ్జెక్టులున్న పుస్తకమైతే దేని గురించి ఎక్కువ రాశారో చూసి ర్యాకులో అక్కడ పెట్టాం, క్యాటలాగులో మాత్రం రెండు పేర్ల కిందా ఎక్కించాం, కాబట్టి ర్యాకులో కనబడకపోతే లేదనుకోకుండా క్యాటలాగ్ చూడండి.

నంబరు చదివేటప్పుడు చుక్క తర్వాత ఒక్కో అంకే పోల్చుకోవాలి. 641.35 ముందు, 641.5 తర్వాత, ముప్పై అయిదు పెద్దది కదా అని తిరగేసి పెట్టేస్తున్నారు కొందరు. చదివిన పుస్తకం మీరే ర్యాకులో పెట్టకుండా టేబుల్ మీద వదిలెయ్యండి, వాలంటీర్లు సర్దుతారు. పిల్లల పుస్తకాలు ఇంకా మిగిలాయి, వాటికి నంబర్లు కాకుండా రంగు స్టిక్కర్లు వేద్దామా అన్నది వచ్చే మీటింగులో తేలుద్దాం.