పని ఏజెంట్‌ది, పేరు మన పిల్లలది

తిరుపతి,
ఆదివారం

రమణా,

మొన్న నువ్వు ఫోన్లో అడిగినదానికి అప్పుడే జవాబు చెప్పేవాణ్ని గానీ, నీ చుట్టూ లారీల చప్పుడు, ఎవరో తూకం చీటీల కోసం పిలుస్తున్నారు. తోతాపురి సీజన్లో నీకు ఊపిరాడదని తెలుసు. రాత్రి తీరిగ్గా చదువుకో, వివరంగా రాస్తున్నాను.

"ల్యాప్‌టాప్‌లలో ఏఐ ఏజెంట్లు ఏం చేస్తున్నాయో చూడ్డానికి మీ ఆఫీసులో ఏదో పెట్టారంట కదా, మా ఓనరు కూడా పెట్టమంటున్నాడు, ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి?" అన్నావు. కొనే సంగతి చివర్లో చూడొచ్చు రా. ఏం చూడాలో, ఏం చూడకూడదో ముందు తేల్చుకోకపోతే, ఏది కొన్నా అది మనుషుల మీద నిఘాగా మారిపోతుంది.

మా దగ్గర ఇది ఒక క్లయింటు పంపిన ప్రశ్నల కాగితంతో మొదలైంది. అమెరికా ఆసుపత్రుల బిల్లింగ్ పని చేస్తాం కాబట్టి సెక్యూరిటీ ప్రశ్నలు మాకు మామూలే. ఈసారి కొత్తగా ఒకటి వచ్చింది. మీ ఉద్యోగుల మెషీన్లలో ఏఐ ఏజెంట్లు నడుస్తున్నాయా, నడిస్తే అవి చేసిన పనిని మనిషి చేసిన పని నుంచి విడదీసి చూపగలరా అని. మొదటి సగానికి అవునని రాసేయొచ్చు. రెండో సగం దగ్గరే పెన్ను ఆగింది.

చాట్ పెట్టెలో ప్రశ్న అడిగి జవాబు తెచ్చుకోవడం వేరు, ఏజెంట్ వేరు. క్లాడ్ కోడ్, కోడెక్స్, కర్సర్, కోపైలట్ ఏజెంట్ మోడ్ లాంటివి ఫైళ్లు తెరుస్తాయి, మారుస్తాయి, టెర్మినల్లో కమాండ్లు నడుపుతాయి. ఎంసీపీ సర్వర్లు, అంటే ఏజెంటును వేరే సాఫ్ట్‌వేర్లకు కలిపే తీగల్లాంటివి, తగిలిస్తే డేటాబేసుల్లోకి, మెయిల్లోకి కూడా పోతాయి. ఇదంతా జరిగేది లాగిన్ అయిన మనిషి పేరు మీదే. విండోస్ లాగ్ (ఏం జరిగిందో మెషీన్ రాసుకునే చిట్టా) తీసినా సర్వర్ లాగ్ తీసినా మా అమ్మాయి పేరో అబ్బాయి పేరో ఉంటుంది. గంగమ్మ జాతరలో వేషం కట్టి వీధిలోకి వచ్చినవాణ్ని చూస్తే ఎవరింటి పిల్లాడో చెప్పలేం చూడు, అట్లా ఏజెంటు ఉద్యోగి వేషంలో తిరుగుతుంది. తేడా వస్తే మాత్రం సంజాయిషీ ఇవ్వాల్సింది ఆ ఉద్యోగే.

ఇది ఊహ కాదు. 2025 ఆగస్టు 26న ఎన్ఎక్స్ అనే పేరున్న జావాస్క్రిప్ట్ ప్యాకేజీలోకి ఎవరో దొంగ కోడ్ ఎక్కించి వదిలారు. అది ఇన్‌స్టాల్ అయిన మెషీన్లో క్లాడ్, జెమినై, అమెజాన్ క్యూ కమాండ్లు ఉన్నాయేమో చూసి, ఉంటే వాటికే పని అప్పజెప్పింది: అనుమతులు అడగకుండా నడువు, ఈ మెషీన్లో పాస్‌వర్డ్‌లు, కీలు, వాలెట్లు ఉన్న ఫైళ్లు వెతికిపెట్టు అని. దొరికినవాటిని బాధితుల గిట్‌హబ్ (కోడ్ దాచుకునే సైటు) ఖాతాల్లోనే, అందరికీ కనబడే రిపాజిటరీలు (ఫోల్డర్లు) తెరిచి అందులో పెట్టింది. చూడు, వెతికింది వాళ్ల ఏజెంటే, బయటపెట్టింది వాళ్ల ఖాతాలోనే. లాగ్‌లో మనిషి పేరు ఒక్కటే ఉంటే, ఆ మనిషి తన తప్పేమీ లేదని ఎట్లా నిరూపించుకోవాలి? నాకు ఈ పని మీద పట్టుదల వచ్చింది ఆ వార్త చదివాకే.

మొదట చేసింది, మెషీన్లలో అసలు ఏమేం ఉన్నాయో వెతకడం. దీనికే ఎక్కువ ఓపిక కావాలి. మా ల్యాప్‌టాప్‌లన్నీ ఇంట్యూన్ (కంపెనీ మెషీన్లన్నిటినీ ఒకచోటి నుంచి చూసుకునే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్) కింద ఉన్నాయి గనక ఇన్‌స్టాల్ అయిన ప్రోగ్రాముల జాబితా వెంటనే వస్తుంది. కానీ ఏజెంట్లలో చాలా వాటికి అడ్మిన్ అనుమతితో పనిలేదు. ఎన్‌పీఎమ్ (జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు దించుకునే సాధనం) ద్వారా కొన్ని, కోడ్ రాసుకునే వీఎస్ కోడ్‌లో ఎక్స్‌టెన్షన్లుగా కొన్ని, బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లుగా కొన్ని యూజర్ ఫోల్డర్లోనే కూర్చుంటాయి. కాబట్టి ఒక చిన్న స్క్రిప్టు రాసి ఎక్స్‌టెన్షన్ల ఫోల్డర్లు, డాట్ క్లాడ్, డాట్ కర్సర్ లాంటి ఫోల్డర్లు ఉన్నాయేమో చూడమన్నాను. అన్నిటికంటే పనికొచ్చింది ఎంసీపీ సెట్టింగ్స్ ఫైలు. ఏజెంటు చేతికి ఏ తాళాలు ఇచ్చారో అందులో తెలిసిపోతుంది. టెస్ట్ డేటాబేసు తగిలించినవాళ్లు ఉన్నారు, సొంత జీమెయిల్ తగిలించినవాళ్లూ ఉన్నారు. ఎవరినీ కోప్పడలేదు. అప్పటికి వాళ్లకు రూలంటూ ఎవరూ చెప్పలేదు మరి.

తర్వాత లాగ్‌లు. రెండు వైపుల నుంచి తీసుకోవాలి, ఒకటి చాలదు. మొదటిది, ఏజెంటు తన గురించి తాను చెప్పేది. క్లాడ్ కోడ్‌కు ఓపెన్‌టెలిమెట్రీ అనే ప్రామాణిక పద్ధతిలో రిపోర్టులు పంపే ఏర్పాటుంది. సెట్టింగ్ ఆన్ చేసి, ఆ రిపోర్టులు అందుకునే మన సర్వర్ (దాన్ని కలెక్టర్ అంటారు) అడ్రసు ఇచ్చి, 4317 పోర్టుకు పంపమంటే సరిపోతుంది. ఆ సెట్టింగ్స్ యూజర్ మార్చలేని చోట, కంపెనీ తరఫు ఫైల్లో పెట్టొచ్చు. అనుమతులన్నీ దాటేసి నడిచే పద్ధతిని కూడా అదే ఫైల్లో మూసేయొచ్చు, అది తప్పకుండా చెయ్యి. ఏ టూల్ వాడింది, ఎంతసేపు పట్టింది, ఎన్ని టోకెన్లు (మోడల్ చదివి రాసే మాటల ముక్కలు) అయ్యాయి అనేవి వస్తాయి. నాకు బాగా నచ్చింది ఇంకొకటుంది: ఒక పనికి 'సరే' అన్నది మనిషా, ముందే రాసిపెట్టిన సెట్టింగా అన్నది కూడా వస్తుంది.

రెండోది ఆపరేటింగ్ సిస్టమ్ చెప్పేది. విండోస్‌లో సిస్‌మాన్ అనే మైక్రోసాఫ్ట్ సాధనం పెడితే, ఏ ప్రాసెస్ (నడిచే ప్రోగ్రాము) మొదలైనా ఈవెంట్ నంబర్ 1 కింద రాస్తుంది, దాన్ని పుట్టించిన పేరెంట్ ప్రాసెస్ ఏదో కూడా రాస్తుంది. లినక్స్ మెషీన్లకు అలాంటిదే ఆడిట్‌డీ ఉంది. పవర్‌షెల్ (కమాండ్లు నడిపే కిటికీ) ఎవరు తెరిచారు అని పైకి పోతూ ఉంటే మధ్యలో ఏజెంటు తగులుతుంది, లేదా తగలదు. విడదీయడం అంటే ఇదే. ఏజెంటు సొంత రిపోర్టును ఎవరైనా ఆపేసినా ఈ రెండోది ఆగదు. ఎన్ఎక్స్ లాంటిది వస్తే పట్టిచ్చేది ఇదే.

అసలు గొడవ ప్రాంప్టుల దగ్గర, అంటే ఏజెంటుకు మనిషి టైప్ చేసే మాటల దగ్గర వచ్చింది. ఉద్యోగి ఏం టైప్ చేశాడన్నది క్లాడ్ కోడ్ మామూలుగా పంపదు, ఎంత పొడవుందో మాత్రం పంపుతుంది. పూర్తి మాటలు కావాలంటే ఇంకో సెట్టింగ్ ఉంది. మా మేనేజర్ గారు అది కూడా ఆన్ చెయ్యమన్నారు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో 7వ సెక్షన్ చూపించారు. ఉద్యోగ అవసరాల కోసం, కంపెనీని నష్టం నుంచి కాపాడుకోవడం కోసం ఉద్యోగి డేటా వాడుకోవచ్చని అందులో ఉంది, నిజమే. నేను ఒప్పుకోలేదు. "సార్, పిల్లలు ఏజెంటుతో మాట్లాడే తీరు వేరు. నాకిది అర్థం కాలేదని, తప్పు చేశానేమోనని అందులో రాసుకుంటారు. అవన్నీ మనం చదువుతామంటే అడగడం మానేస్తారు, లేదా సొంత ఫోన్లో అడుగుతారు, అప్పుడు మనకు ఏదీ కనబడదు" అన్నాను. ఆయన్ని కదిలించింది మాత్రం వేరే మాట. ప్రాంప్టుల్లో ఒక్కోసారి రోగుల వివరాలు, పాస్‌వర్డ్‌లు కూడా పడుతుంటాయి. అన్నీ తెచ్చి ఒకచోట కుప్ప పోస్తే, దొంగకు అరవై మెషీన్లు తిరగాల్సిన పని మనమే తప్పించినట్టు. అది వినేసరికి ఆలోచనలో పడ్డారు.

చివరికి ఇట్లా తేలింది. ప్రాంప్టులు సేకరించం. ఏదైనా సంఘటన జరిగితే, ఆ ఉద్యోగిని పక్కనే కూర్చోబెట్టుకుని, ఆ ల్యాప్‌టాప్‌లోనే ఉండే సెషన్ రికార్డు చూస్తాం. క్లాడ్ కోడ్ దాన్ని మామూలుగా 30 రోజులు ఉంచుతుంది, అది చాలు. మిగతా లాగ్‌లు 180 రోజులు ఉంచుతున్నాం, 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ (సైబర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఇచ్చిన ఆదేశాల్లో అంతే ఉంది. సైబర్ సంఘటన ఏదైనా తెలిస్తే 6 గంటల్లో వాళ్లకు చెప్పాలని కూడా అందులోనే ఉంది. 6 గంటలంటే ఎంత తక్కువో ఆలోచించు, ఎవరు చేశారో వెతుక్కుంటూ కూర్చునే టైమ్ ఉండదు.

ఆన్ చేసే ముందు అందరినీ పిలిచి చెప్పాం. ఏం చూస్తామో, ఏం చూడమో, లాగ్‌లు ఎవరి చేతిలో ఉంటాయో ఒక పేజీ తెలుగులో రాసి గోడకు అంటించాం. పుత్తూరు నుంచి రోజూ రైల్లో వచ్చే అమ్మాయి ఒకామె ఉంది, గట్టిగా మాట్లాడదు. ఆమే లేచి, "అన్నా, నేను రోజుకు ఎన్నిసార్లు ఏజెంటును అడిగానో లెక్కేసి ఇంక్రిమెంట్లో చూస్తారా?" అనింది. గదంతా నిశ్శబ్దం. అందరి మనసులో ఉన్నది అదే రా. మేనేజర్ గారు అక్కడికక్కడే, పనితీరు లెక్కలకు ఈ లాగ్‌లు వాడమని చెప్పి, ఆ వాక్యాన్ని కాగితంలో చేర్పించారు. ఆ రోజు ఆయన మీద నాకు గౌరవం పెరిగింది.

అలర్టులు మొదట్లో కుప్పలుగా వస్తాయి, బెదరొద్దు. ఏజెంటు ఒక టెస్టు నడిపితే పది ప్రాసెసులు పుడతాయి, వాటన్నిటికీ మోగితే ఎవరూ చూడరు. తగ్గించి తగ్గించి ఇవి మిగుల్చుకున్నాం: పాస్‌వర్డ్‌లుండే డాట్ ఎన్వ్ ఫైళ్లు, సర్వర్లలోకి పోయే ఎస్ఎస్‌హెచ్ కీల ఫైళ్లు తెరవడం, అనుమతులు దాటే ఫ్లాగ్‌తో ఏజెంటు మొదలవడం, కొత్త ఎంసీపీ సర్వర్ చేరడం, ఏజెంటు పుట్టించిన ప్రాసెస్ తెలియని అడ్రసుకు డేటా పంపడం.

వాటిలో మొదటిదే ఒక రాత్రి మోగింది. కొత్తగా చేరిన కుర్రాడి ల్యాప్‌టాప్‌లో డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న ఫైలు తెరుచుకుంది. పొద్దున్నే పైనుంచి వచ్చిన మొదటి మాట, "వాడికి ఆ ఫైలుతో ఏం పని? పిలిచి అడగండి." నేను ప్రాసెస్ చెట్టు తీసి చూపించాను. ఫెయిలవుతున్న టెస్టు ఎందుకు ఫెయిలవుతుందో కనుక్కునే ప్రయత్నంలో ఏజెంటే ఆ ఫైలు తెరిచింది. అనుమతిచ్చింది కూడా కుర్రాడు కాదు, ప్రాజెక్టులో ఎప్పుడో రాసిపెట్టిన సెట్టింగ్. తెలియని అడ్రసుకు ఏ డేటా పోలేదు. పాస్‌వర్డ్ మార్చాం, ఆ ఫైలును ఏజెంటు చదవకుండా రూలు పెట్టాం. కుర్రాణ్ని పిలిచింది జరిగింది చెప్పడానికే. వాడికి ఇది మొదటి ఉద్యోగం, వాళ్ల నాన్న శ్రీకాళహస్తిలో కలంకారీ పని చేస్తాడు. ప్రశ్నించడానికే పిలిచి ఉంటే ఆ టెన్షన్‌కు వాడేమయ్యేవాడో.

ఇక నీ సంగతి. మీ ఆఫీసులో కోడ్ రాసేవాళ్లు లేరు గనక పైన చెప్పిన సగం నీకు అక్కర్లేదు. మీకు భయమంతా బ్రౌజర్లోనే. ఎగుమతి కాగితాలు, బయ్యర్ల మెయిళ్లు, బ్యాంకు పేజీ ఒకే బ్రౌజర్లో తెరిచి, అందులోనే ఏజెంటు ఎక్స్‌టెన్షన్ నడిపితే, ఎవడో పంపిన మెయిల్లో దాచిన మాటలను అది మీ ఆజ్ఞ అనుకుని పాటించే ప్రమాదముంది. కాబట్టి క్రోమ్, ఎడ్జ్ పాలసీల్లో ఎక్స్‌టెన్షన్లన్నీ ఆపి, అవసరమైనవే అనుమతించు. దీనికి పైసా ఖర్చు లేదు. బ్యాంకు పని చేసే కంప్యూటర్లో ఏజెంటు అసలు ఉండకూడదు, ఓనరు అడిగినా సరే. సిస్‌మాన్ కూడా ఉచితమే, పెట్టుకో, సెట్టింగ్స్ ఫైలు నేనిస్తాను. సొంత ఫోన్ల జోలికి మాత్రం పోవద్దు.

ఓనరు స్క్రీన్ రికార్డింగ్ కావాలని పట్టుబడితే, ఆ రికార్డింగుల్లో బ్యాంకు పేజీ కూడా ఉంటుందని, బయ్యర్ల రేట్లు కూడా ఉంటాయని చెప్పు. ఆయనకు ఆ లెక్క వెంటనే అర్థమవుతుంది.

ముందుగా ప్రతి కంప్యూటర్లో ఏ ఎక్స్‌టెన్షన్లు ఉన్నాయో రాసి పంపు. మీ వాళ్లను అడిగే రాసుకో, చెప్పకుండా వెతకొద్దు. లోడ్లు తగ్గాక ఒక శనివారం నేనే చిత్తూరు వస్తాను, ఇద్దరం కూర్చుని ఓనరుకు ఒక పేజీ రాసిద్దాం. అమ్మకు నమస్కారాలు చెప్పు.

నీ
మునిశేఖర్