అది బీడు భూమి కాదు

సంపాదకులకు నమస్కారం.

కర్ణాటకలో తుంగభద్ర ఎడమ కాలువ కింది ఆంధ్ర క్యాంపుల (ఆంధ్ర నుంచి వెళ్ళిన రైతులు స్థిరపడిన ఊళ్ళ) గురించి మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. ‘మనవాళ్ళు వెళ్ళి బీడును మాగాణి చేశారు’ అన్న మాట నన్ను రెండు రోజులుగా కుదురుగా ఉండనివ్వడం లేదు. నేను కారటగి దగ్గరి క్యాంపులో పుట్టి పెరిగాను. మా నాన్నగారి కష్టాన్ని తక్కువ చేసి మాట్లాడటానికి నాకు నోరు రాదు. కానీ అది బీడు కాదండీ. ఆ నల్లరేగడిలో అక్కడి రైతులు తరతరాలుగా జొన్న, పత్తి పండించుకుంటూ వచ్చారు.

హోస్పేట దగ్గర ఆనకట్ట పూర్తయిన 1953 నాటికి మా ప్రాంతం హైదరాబాద్ రాష్ట్రంలోని రాయచూరు జిల్లా. 1956లో మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఆ తర్వాత రెండేళ్ళకు నాన్నగారు దివిసీమలో రెండెకరాలు అమ్మి, కారటగి దగ్గర పదిహేనెకరాలు కొన్నారు. జొన్నచొప్ప కప్పిన గుడిసెలో కాపురం. మొదటి వానకే బండి ఇరుసు దాకా దిగబడింది. కాలువ నీళ్ళను చిల్లగింజ అరగదీసి తేర్చుకుని తాగేవాళ్ళం. బియ్యం నిండుకున్న రోజుల్లో అమ్మకు జొన్నరొట్టె తట్టడం నేర్పింది ఎవరనుకున్నారు? మాకు పొలం అమ్మిన రైతు భార్య! ఆ రైతు తర్వాత చాలా ఏళ్ళు మా గట్టు మీదుగానే కూలికి వెళ్ళేవాడు. నాన్నగారు ఆయన్ను ‘అణ్ణా’ అని పిలిచేవారు, కానీ ఆయన కళ్ళలోకి చూసి మాట్లాడటం నేను ఎన్నడూ చూడలేదు.

మరో సంగతి కూడా మీ వ్యాసంలో లేదు. ఎడమ కాలువ కింద ఎక్కువ భూమిని ఆరుతడి పంటలకే ఉద్దేశించారు. కాలువ పైభాగంలో ఉన్న మేము రెండు కార్లూ వరి వేశాం. మాన్వి, రాయచూరు వైపు చివరి పొలాలకు నీళ్ళు అందలేదు. దానికి తోడు పూడిక. మొదట్లో సుమారు 133 టీఎంసీలు పట్టిన జలాశయంలో ఇప్పుడు 105 టీఎంసీల చోటే మిగిలింది. 2024 ఆగస్టులో పందొమ్మిదో గేటు కొట్టుకుపోయినప్పుడు మా తమ్ముడు రోజూ ఫోను చేసి, బెంగళూరులో ఉన్న నాతో నీటిమట్టం లెక్కలే మాట్లాడాడు. ఆ రోజుల్లో చివరి పొలాల రైతుల ఇళ్ళలో ఏం మాట్లాడుకున్నారో అని నాకు అనిపిస్తూనే ఉంది.

మీ విలేఖరి ఈసారి వెళ్ళినప్పుడు క్యాంపు దగ్గరే ఆగకుండా పక్క ఊళ్ళోకి కూడా వెళ్ళాలని నా విన్నపం. భూమి అమ్మినవాళ్ళ పిల్లలు అక్కడే ఉన్నారు. వాళ్ళలో చాలామందికి తెలుగు బాగా వచ్చు.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, మారతహళ్ళి, బెంగళూరు