బంకులో చెల్లింపు ఆగితే భారం ఎవరిది?

సంపాదకులకు నమస్కారం.

పెట్రోలు బంకుల్లో డబ్బు చెల్లించే తీరు ఈ పదేళ్లలో పూర్తిగా మారిపోయింది. ఆ మార్పులో వచ్చే చిక్కులన్నీ చివరికి పైపు పట్టుకుని నిలబడే పనివాళ్ల మీదా, అప్పుడప్పుడూ వాహనదారుల మీదా పడుతున్నాయి. ఈ విషయం చమురు సంస్థలు పట్టించుకోవాలనే ఈ లేఖ రాస్తున్నాను.

2016లో పెద్ద నోట్లు రద్దయ్యాక, డిసెంబరు 13 నుంచి ప్రభుత్వ రంగ చమురు సంస్థలు కార్డుతోనో ఫోనుతోనో చెల్లిస్తే 0.75 శాతం రాయితీ ఇచ్చాయి. జనానికి అలవాటయ్యాక దాన్ని తగ్గించాయి. 2019 అక్టోబరు 1 నుంచి క్రెడిట్ కార్డులకు పూర్తిగా ఎత్తేశాయి. ఇప్పుడు రాయితీ కోసం ఎవరూ చూడడం లేదు. చిల్లర బెడద తప్పిందన్న సంతోషంతోనే ఫోను తీస్తున్నాం. ఆ మేలు నిజమైనదే, కాదనను.

అయితే చెల్లింపు మధ్యలో ఆగినప్పుడు ఏం జరుగుతోందో చూడండి. ఇటీవల మా ఊరి బంకులో ఒక ఆటో డ్రైవరు మూడు వందలకు పెట్రోలు కొట్టించుకున్నాడు. అతని ఖాతాలోంచి డబ్బు పోయినట్టు సందేశం వచ్చింది. బంకులోని స్పీకరు మాత్రం పలకలేదు. పైపు పట్టుకున్న అమ్మాయి రెండుసార్లు ఫోను చూసింది, స్పీకరు పెట్టె తట్టింది, వెనక హారన్లు మోగుతున్నాయి. "మీ డబ్బు వెనక్కి వచ్చేస్తుందన్నా, నగదు ఇచ్చి వెళ్లండి, లేకపోతే సాయంత్రం లెక్కలో నాకు తగ్గుతుంది" అని బతిమాలింది. అతని జేబులో అంత నగదు లేదు. చివరికి ఆమె చిన్న పుస్తకంలో ఆటో నంబరూ ఫోను నంబరూ రాసుకుని పంపింది. డబ్బు రాకపోతే ఆ లోటు ఆమె జీతంలోంచే పోతుంది. వేరే బంకుల్లో పనిచేసేవాళ్లూ నాతో ఇదే మాట చెప్పారు.

ఇలాంటి సందర్భానికి నిబంధన లేక కాదు. ఖాతాలో కోత పడి వ్యాపారికి ధ్రువీకరణ అందని యూపీఐ చెల్లింపును లావాదేవీ జరిగిన రోజు తర్వాత ఐదు రోజుల్లోగా వెనక్కి జమ చేయాలనీ, ఆలస్యమైతే రోజుకు రూ.100 పరిహారం ఇవ్వాలనీ రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులోనే ఆదేశించింది. ఈ సంగతి ఆ ఆటో డ్రైవరుకూ తెలియదు, ఆ అమ్మాయికీ తెలియదు. ఏ బంకులోనూ ఇది రాసి ఉండగా నేను చూడలేదు.

మరో రెండు మాటలు. సెల్‌ఫోన్లు వాడరాదన్న బోర్డు పక్కనే క్యూఆర్ కోడ్ అంటించి ఉంటోంది. ఆ కోడ్‌ను పైపుకు దూరంగా, వేరే చోట పెట్టడం కష్టమేమీ కాదు. ఇక ఫోను వాడని పెద్దవాళ్లు ఐదు వందల నోటు ఇస్తే చిల్లర లేదని పంపేయడం చాలా తప్పు. బంకు తెరిచినప్పుడు చిల్లర సిద్ధంగా ఉంచుకోవడం యజమాని బాధ్యత.

గాలి, తాగునీరు, మరుగుదొడ్డి వినియోగదారులకు ఉచితమని బంకుల్లో బోర్డులు ఉంటాయి. వాటి పక్కనే, చెల్లింపు ఆగితే ఏం చేయాలో, ఎవరికి ఫిర్యాదు చేయాలో తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించాలని కోరుతున్నాను. అంతకన్నా ముందు, ఆగిన చెల్లింపుల లోటును పనివాళ్ల జీతాల్లోంచి కోయకూడదని చమురు సంస్థలు డీలర్లకు రాతపూర్వకంగా ఆదేశాలివ్వాలి. కార్మిక శాఖ అధికారులు కూడా బంకులకు వెళ్లినప్పుడు జీతాల పుస్తకంలో ఈ కోతలను ప్రత్యేకంగా పరిశీలించాలి.

— ఒక పాఠకుడు, ఖమ్మం