సంతకం పెట్టే ముందు

తెనాలి

అమ్మలూ,

నిన్న ఫోన్లో సగమే వినపడింది. మీ అపార్ట్‌మెంట్ టెర్రస్ గురించి బిల్డర్ మీద దావా వేస్తున్నారనీ, వాదిగా నిన్ను ఉండమంటున్నారనీ అర్థమైంది. "అసోసియేషన్ పేరు మీదే వెయ్యొచ్చుగా, మధ్యలో నా పేరెందుకు నాన్నా?" అన్నావు. మీ అసోసియేషన్‌కి రబ్బరు స్టాంపుంది, రసీదు పుస్తకముంది, వాట్సాప్ గ్రూపుంది. లేనిదల్లా రిజిస్ట్రేషన్. అలాంటి సంఘం తన పేరుతో దావా వేస్తే కోర్టులో నిలవదు. మనుషులు కనపడాల్సిందే.

దానికోసమే సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 1 రూల్ 8 పెట్టారు. ఒకే ప్రయోజనం ఉన్నవాళ్ళు ఎక్కువమంది ఉంటే, కోర్టు అనుమతితో ఒకరిద్దరు అందరి తరఫునా దావా నడపొచ్చు. మిగతావాళ్ళకి నోటీసులివ్వాలి, ఖర్చు వాదిదే. జనం మరీ ఎక్కువైతే పేపర్లో ప్రకటన.

మన కాలనీ పార్కు కేసులో అందరి తరఫునా వాదిని నేనే కదా, నా ప్రకటనా అలాగే పడింది. పెళ్ళి సంబంధాల ప్రకటనల పక్కన అగ్గిపెట్టెంత ముక్క, మన ఇంటిపేరు అచ్చుతప్పుతో సహా. పాలబ్బాయి కూడా "మాస్టారూ, పేపర్లో పడ్డారు!" అన్నాడు. నాకు ఒకటే గర్వం.

ఆ గర్వం నాలుగేళ్ళ వాయిదాలకి ఆవిరైపోయింది. స్థలం ఆక్రమించినాయన ఒకరోజు ఇంటికొచ్చి, సగం వదిలేస్తా, రాజీపడదామన్నాడు. సరేననబోయాను. మన వకీలు కోప్పడ్డాడు. అందరి తరఫునా వేశాక కేసు మన సొంతం కాదట. వెనక్కి తీసుకోవాలన్నా, కొంత వదులుకోవాలన్నా, రాజీపడాలన్నా మళ్ళీ అందరికీ నోటీసు వెళ్ళాలి. రాజీకైతే కోర్టు అనుమతీ కావాలి. ఆ రాత్రి నిద్రపట్టలేదు. తీర్పు అరవై ఇళ్ళకీ వర్తిస్తుంది, కోర్టు గుమ్మం తొక్కనివాళ్ళకి కూడా. నేను ఓడితే, నాతో పదేళ్ళుగా మాటల్లేని మూలింటాయనా ఓడినట్టే! అదీ నా టెన్షన్. వాది సరిగ్గా నడపకపోతే కోర్టు ఇంకొకరిని పెట్టొచ్చు కూడా. నిజం చెప్పాలంటే, నన్ను అలా తీసేస్తే బాగుండునని లోపల కోరుకున్నాను.

తీసెయ్యలేదులే. నీ కొడుకు ఉయ్యాల ఊగే పార్కు అదే.

ఎవరి అగ్రిమెంటు వాళ్ళదే కదా, ఒకే దావా ఎలా కుదురుతుందన్న నీ అనుమానం సబబైనదే. తమిళనాడు హౌసింగ్ బోర్డు కేసులో ఇదే ప్రశ్న వచ్చింది. బోర్డు ఇళ్ళు తీసుకున్నవాళ్ళని అదనపు సొమ్ము కట్టమంది, ఎవరికి నోటీసు వాళ్ళకే ఇచ్చింది. అయినా అందరి తరఫునా ఒకే దావా చెల్లుతుందని 1990లో సుప్రీంకోర్టు చెప్పింది. కావలసింది ఒకే ప్రయోజనం. టెర్రస్ అందరిదీ కాబట్టి మీకు చిక్కులేదు. నీ బాత్రూం లీకు మాత్రం ఇందులో కలపకు, అది నీ ఒక్కదాని గొడవ.

వాదిగా ఉండు, వద్దనను. కానీ ఒక్కదానివే వద్దు, ఓపికున్న ఇంకొకరిని జత చేసుకో. ఖర్చుల డబ్బు ముందే వసూలు చెయ్యండి. గెలిచాక ఎవరూ ఇవ్వరు, ఓడాక అసలే ఇవ్వరు. ఈలోగా ఏడుగురు కలిసి సొసైటీగా రిజిస్టర్ చేసుకోండి, ముందుముందు పనికొస్తుంది.

మా ఫైలు అటక మీదుంది. అమ్మ ఆవకాయ పంపుతోంది, దాంతోపాటే పెడతాను. నూనె అంటితే నన్ననకు.

మీ నాన్న